టర్బో చెడిందా? చెడగొట్టారా?

డీజిల్ ఇంజను పొగగొట్టంలోకి వదిలేసే వాయువులో వేడి, ఒత్తిడి ఇంకా బోలెడంత మిగిలే ఉంటాయి. ఆ పొగ దారిలో ఒక చక్రాన్ని పెట్టి తిప్పి, అదే షాఫ్టు రెండో చివరనున్న చక్రంతో బయటి గాలిని లాగి, సిలిండర్లలోకి ఒత్తిడితో ఎక్కించే పరికరమే టర్బోచార్జర్. గాలి ఎక్కువ అందితే డీజిల్ ఎక్కువ కాల్చొచ్చు. ఇంజను సైజు పెంచకుండానే లాగుడు పెరుగుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1920ల్లో రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల ఇంజన్లకు టర్బోలు ఎక్కిస్తే, వాటి శక్తి 1,750 నుంచి 2,500 హార్స్‌పవర్‌కు పెరిగింది. ఇవాళ బొలేరో నుంచి బోరు రిగ్గు కంప్రెసరు దాకా చాలా డీజిల్ ఇంజన్లకు టర్బో ఉంటుంది.

టర్బో పోయిందంటే కొత్తది కొనాలి, లేదా మధ్యభాగమైన కోర్ మార్పించాలి, లేదా పాతదాన్నే విప్పి బుష్‌లు, రింగులు మార్చుకోవాలి. మూడో దారి చవక. చేతిలో పనితనం, కాస్త ఓపిక ఉన్నవారికి ఇంట్లోనే సాధ్యం కూడా. కానీ ఏ టర్బోకైనా కాదు. ఎక్కడిదాకా ఇంట్లో చేయొచ్చు, ఎక్కడ ఆగిపోవాలి అన్నది తెలిసినవారికే ఈ చవక నిజంగా చవక.

లోపలి సరంజామా

ఉదాహరణకు టాటా లారీల్లో నలిగిన కమిన్స్ 6బీటీ ఇంజనును తీసుకోవచ్చు. ఆరు సిలిండర్లు, 5.9 లీటర్లు. వీటిని మన దేశంలో తయారు చేసేందుకే 1993లో జంషెడ్‌పూర్ కేంద్రంగా టాటా కమిన్స్ పుట్టింది. ఈ ఇంజన్ల మీద కనిపించేది ఎక్కువగా హోల్‌సెట్ టర్బో. హోల్‌సెట్ 1952లో ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్‌లో మొదలైన కంపెనీ. 1973లో కమిన్స్ దాన్ని కొనేసింది. ఇంట్లో విప్పి నేర్చుకోవడానికి ఇలాంటి పాత తరహా లారీ టర్బోకు మించింది లేదు. భాగాలు పెద్దవి, ఎలక్ట్రానిక్ గొడవ ఉండదు, విడిభాగాలు ఆటోనగర్లలో దొరుకుతాయి.

బయటికి నత్తగుల్ల ఆకారంలో రెండు హౌసింగులు కనిపిస్తాయి. పొగ వెళ్లేది పోత ఇనుముది, గాలి వెళ్లేది అల్యూమినియంది. రెంటి మధ్యలో ఉన్నదే కోర్. కాట్రిడ్జ్ అన్నా అదే. పొగ వైపు చక్రాన్ని వేడికి తట్టుకునే నికెల్ మిశ్రమంతో పోసి షాఫ్టుకు వెల్డు చేసేస్తారు. ఆ రెండూ ఇక ఒకటే భాగం. గాలి వైపు చక్రం అల్యూమినియంది. దాన్ని షాఫ్టు మీదికి ఎక్కించి ఒకే ఒక్క చిన్న నట్టుతో బిగిస్తారు.

షాఫ్టును మోసేవి రెండు ఇత్తడి రంగు బుష్‌లు. వీటిని హౌసింగులోకి దిగ్గొట్టరు, వదులుగా ఉంచుతారు. బుష్ లోపల షాఫ్టుకూ, బుష్ బయట హౌసింగుకూ మధ్య ఇంజనాయిల్ పొర ఉంటుంది. షాఫ్టు తిరిగేటప్పుడు బుష్ కూడా నెమ్మదిగా తిరుగుతుంది. షాఫ్టు ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేది థ్రస్ట్ బేరింగు. రెండు చివర్లా ఒక్కో సన్నని పిస్టన్ రింగు ఉంటుంది. మార్కెట్లో దొరికే రిపేరు కిట్టంటే ఇవే: బుష్‌లు, థ్రస్టు, రింగులు, సర్క్లిప్పులు, ఓరింగు, గ్యాస్కెట్లు.

వేగం సంగతి తెలిస్తే ఈ చిన్న ముక్కల మీద గౌరవం పెరుగుతుంది. 75 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 1,20,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు 470 మీటర్ల వేగంతో పోతున్నట్టు. గాలిలో ధ్వని వేగం అంతకంటే తక్కువ. కార్ల చిన్న టర్బోలు రెండు లక్షల చుట్లు కూడా దాటుతాయి. ఇంత వేగంలో బాల్ బేరింగుల అవసరం లేకుండా షాఫ్టును నిలబెట్టేది ఆ పల్చటి ఆయిలు పొరే. ఆ పొర చిరిగితే పని సెకన్లలో ముగుస్తుంది.

విప్పే ముందు

టర్బో తనంతట తాను చెడేది తక్కువ. ఆయిలు అందకో, ఆయిల్లో మట్టి చేరో, ఎయిర్ ఫిల్టరు దాటి దుమ్ము వచ్చో, ఏదో ముక్క లోపలికి పడో చెడుతుంది. కారణం తేల్చకుండా కిట్టు మారిస్తే కొత్త బుష్‌లకూ పాతవాటి గతే. ఆటోనగర్లలో టర్బో రెండోసారి, మూడోసారి విప్పించుకునే బళ్లలో చాలావాటి కథ ఇదే.

పైగా టర్బో మీద పడే నిందల్లో కొన్ని అబద్ధాలు. నల్లపొగ వచ్చి పికప్ తగ్గితే ముందు చూడాల్సింది టర్బో నుంచి ఇంజనుకు వెళ్లే రబ్బరు హోసు చిట్లిందా, క్లిప్పు వదులైందా అని. నీలిపొగ వస్తోంది, గాలి గొట్టంలో ఆయిలు తడి ఉంది అనగానే టర్బో సీలు పోయిందని తీర్పు ఇచ్చేస్తారు. నిజానికి టర్బోలో మామూలు అర్థంలో ఆయిల్ సీలే లేదు. ఆ వేడికీ వేగానికీ రబ్బరు పెదవి నిలవదు. పిస్టన్ రింగు, బయటి నుంచి లోపలికి తోసే గాలి ఒత్తిడి కలిసి ఆయిలును ఆపుతాయి. కోర్‌లోకి పైనుంచి ఒత్తిడితో వచ్చిన ఆయిలు, షాఫ్టు చిలికిన తర్వాత మజ్జిగ నురుగులా మారి, కింది గొట్టంలోంచి తన బరువుతో తానే సంపులోకి జారాలి. ఆ గొట్టం నొక్కుకుపోయినా, మస్సి పట్టి సన్నబడినా, ఇంజను రింగులు అరిగి సంపులో గాలి ఒత్తిడి పెరిగినా, బ్రీదరు మూసుకున్నా ఆయిలు దిగదు. దిగని ఆయిలు రింగులు దాటి చక్రాల వైపు పోతుంది. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతే గాలి చక్రం వెనక వ్యాక్యూమ్ ఏర్పడి ఆయిలును పీలుస్తుంది. వీటిలో దేనికీ టర్బో కారణం కాదు.

ఇంజను పూర్తిగా చల్లారాక గాలి వైపు గొట్టం తీసి, షాఫ్టు ముక్కును వేళ్లతో పట్టుకుని కదిపి చూస్తారు. పక్కకు కాస్త ఊగితే కంగారు పడనక్కర్లేదు. ఆయిలు పొర కోసం ఉంచిన సందు అది. ఊపినప్పుడు రెక్కలు హౌసింగు గోడకు తగిలితే మాత్రం బుష్‌లు పోయినట్టే. ముందుకీ వెనక్కీ కదలిక చేతికి స్పష్టంగా తెలిసినా థ్రస్టు అరిగినట్టే.

గుర్తులు ముందు, పానా తర్వాత

పొగ వైపు బోల్టులు ఏళ్లపాటు ఎర్రగా కాలి, తుప్పుతో హౌసింగులో కలిసిపోయి ఉంటాయి. ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి నానబెట్టాలి. అప్పటికీ రాకపోతే బోల్టు చుట్టూ వేడిచేయాలి. తొందరపడి పానాకు పైపు తొడిగి లాగితే బోల్టు లోపల విరుగుతుంది, ఆ తర్వాత పని లేత్ షాపుకి చేరుతుంది.

హౌసింగులు ఊడదీసేముందు వాటికీ కోర్‌కీ కలిపి గీతలు గీయాలి. ఏ కోణంలో ఉన్నది ఆ కోణంలోనే మళ్లీ కూర్చోవాలి, లేకపోతే గొట్టాలు కలవవు. హౌసింగు రానంటే రబ్బరు సుత్తితో చుట్టూ తట్టాలి. స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తితే అల్యూమినియం రెక్కలు వంగుతాయి. వంగిన రెక్కను నోస్‌ప్లయరుతో సరిచేయడం అందరికీ తట్టే ఉపాయమే. అది మళ్లీ వంగదు, విరుగుతుంది. విరిగిన ముక్క ఇంజనులోకే పోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు గాలి చక్రం, నట్టు, షాఫ్టు చివర మీద పెట్టేది. ఈ మూడూ ఒకదానికొకటి ఏ స్థితిలో ఉన్నాయో సన్నని గీతతోనో, చెరగని మార్కరుతోనో గుర్తు పెట్టి, ఫొటో తీసుకోవాలి. పంచ్‌తో కొట్టకూడదు. నట్టు విప్పేటప్పుడు పొగ చక్రం ముక్కు మీదున్న ఆరుపలకల బుడిపెను సాకెట్లో బిగించి పట్టుకోవాలి కానీ రెక్కల్ని పట్టుకోకూడదు. చాలా టర్బోల్లో ఈ నట్టుది ఎడమ చుట్టు మర. షాఫ్టు తిరిగే దిక్కుకు తనంతట తాను బిగుసుకోవాలని అలా పెడతారు. మామూలుగా విప్పబోతే అది ఇంకా బిగుస్తుంది, షాఫ్టు మెలిపడుతుంది. మర ఏ వైపు పోతోందో భూతద్దంతో చూసి పని మొదలుపెట్టడం మంచిది.

పాత ముక్కలు చెప్పే సంగతులు

విప్పిన భాగాల్ని చెత్తలో పడేసే ముందు తెల్ల గుడ్డ మీద వరసగా పరిచి వెలుతురులో చూడాలి. మెకానిక్కు చెప్పని సంగతులు అరిగిన బుష్ చెబుతుంది.

బుష్ మీద చుట్టూ సన్నటి గీతలు, దారాలు చుట్టినట్టు ఉంటే ఆయిల్లో మట్టి లేదా లోహపు పొడి ఉన్నట్టు. ఆయిలు ఫిల్టరు మార్చలేదు, లేదా ఇంజను మెయిన్ బేరింగులే రాలుతున్నాయి. షాఫ్టు బుష్ కూర్చునే చోట నీలం, ఊదా రంగులు తిరిగితే ఆయిలు అందక కాలినట్టు. ఫీడ్ పైపు మూసుకుపోయి ఉంటుంది. పొగ వైపు లోపల నల్లటి గట్టి పెంకు కట్టి ఉంటే తప్పు డ్రైవరుది. ఎత్తు ఎక్కివచ్చిన బండిని ఆపీఆపగానే తాళం తిప్పేస్తే ఆయిలు ప్రవాహం ఆగిపోతుంది, చక్రం వేడి షాఫ్టు వెంట పాకుతుంది, నిలిచిపోయిన ఆయిలు మాడి బొగ్గవుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఐడిలింగులో ఉంచి ఆపమని చెప్పేది ఇందుకే.

గాలి చక్రం రెక్కల అంచులు ఇసుకకాగితంతో రుద్దినట్టు పల్చబడి ఉంటే దుమ్ము ఫిల్టరును దాటి వస్తోంది. ఎర్రమట్టి దారుల్లో, వరికోత పొలాల్లో తిరిగే యంత్రాల్లో ఇది మామూలే. ఫిల్టరు కొత్తదైనా దాని తర్వాతి హోసులో సన్న పగులు చాలు. పొగ చక్రం రెక్కల అంచులు పెచ్చులూడి ఉంటే ఇంజనులోంచి ఏదో ముక్క ఎగిరొచ్చింది. వాల్వు ముక్కా, పిస్టన్ రింగు ముక్కా, మ్యానిఫోల్డు పెచ్చా అన్నది టర్బో కాదు, ఇంజను చెప్పాలి.

తర్వాత కొలతలు. షాఫ్టు మీద బుష్ కూర్చునే రెండు చోట్లా మైక్రోమీటరుతో కొలిచి కంపెనీ పుస్తకంలోని అంకెతో సరిచూడాలి. మైక్రోమీటరు లేనివారికి మొదటి పరీక్ష గోరు: షాఫ్టు పొడవునా గోరు ఆనించి లాగితే ఎక్కడైనా అంచు తగిలిందంటే ఆ షాఫ్టు పనికిరాదు. వంపు చూడటానికి వీ-బ్లాకుల మీద పడుకోబెట్టి డయల్ గేజి ముల్లు ఆనించి తిప్పాలి. చాలా రకాల్లో అనుమతించే వంపు మిల్లీమీటరులో వందో వంతు దగ్గరే. పొగ వైపు రింగు కూర్చునే గాడి గోడలు నిటారుగా ఉన్నాయా, మెట్టులా అరిగాయా అన్నదీ చూడాలి. అరిగిన గాడిలో కొత్త రింగు వేసినా లాభం లేదు. షాఫ్టు, చక్రం, కోర్ బొక్క ఈ మూడింట్లో ఏ ఒక్కటి పోయినా కిట్టుతో పని కాదు. కొత్త కోర్ కొనుక్కోవడమే తెలివి.

కడగడం

సగం ఫలితం ఇక్కడే తేలుతుంది, విసుగు కూడా ఇక్కడే. కోర్ హౌసింగును డీజిల్లోనో కిరసనాయిల్లోనో రాత్రంతా నానబెట్టి, ఆయిలు దారుల్లోకి సన్న నైలాన్ బ్రష్షు దూర్చి, కంప్రెసరు గాలితో ఊదాలి. మస్సి వదిలించడానికి కాస్టిక్ సోడా వాడేవారున్నారు. ఇనుప భాగాలకు సరేగానీ, అల్యూమినియం చక్రాన్ని అందులో వేస్తే సోడా దాన్ని తినేస్తుంది. చక్రాల మీద ఇనుప బ్రష్షు వాడకూడదు. ఇసుకతోనో గాజుపూసలతోనో బ్లాస్టింగ్ చేయిస్తే హౌసింగు మెరిసిపోతుంది, కానీ ఆయిలు దారిలో ఒక్క రేణువు మిగిలినా కొత్త బుష్‌ను తినేస్తుంది. మెరుపు కోసం కక్కుర్తి పడకపోవడమే మంచిది.

బిగింపు

దుమ్ము లేని గది, శుభ్రమైన చేతులు, శుభ్రమైన ఇంజనాయిలు ఉండాలి. ఫ్యాను ఆపేయాలి. ప్రతి భాగాన్నీ ఆయిల్లో ముంచి ఎక్కించాలి, పొడిగా ఏదీ లోపలికి వెళ్లకూడదు. సర్క్లిప్పులు గాడిలో పూర్తిగా కూర్చున్నాయో లేదో వేలితో తిప్పి చూడాలి. సగం కూర్చున్న సర్క్లిప్పు తర్వాత ఊడి, బుష్‌ను దాని చోటు నుంచి జరగనిస్తుంది.

పని ఆగిపోయేది పొగ వైపు పిస్టన్ రింగు దగ్గర. రింగును షాఫ్టు గాడిలో వేశాక అది బయటికి విచ్చుకునే ఉంటుంది. షాఫ్టును నిలువుగా పట్టుకుని కోర్‌లోకి దింపుతుంటే రింగు అంచు బొక్క నోటి దగ్గర అడ్డుకుంటుంది. ఇక్కడ బలం పనికిరాదు. రింగును గాడిలో నడిమికి తెచ్చి, షాఫ్టును కొద్దికొద్దిగా తిప్పుతూ, తేలిగ్గా ఒత్తుతుంటే ఒక క్షణాన టక్కుమని లోపలికి జారుతుంది. ఆ చప్పుడు రాకుండా సుత్తి దెబ్బతో దించితే రింగు లోపలే విరిగి ఉంటుంది. అది బయటపడేది బండెక్కాకే.

తర్వాత థ్రస్టు, దాని కాలరు, వెనక పలక, ఓరింగు, గాలి చక్రం, చివరకు నట్టు. పెట్టుకున్న గుర్తులన్నీ ఒకే గీత మీదికి రావాలి. నట్టు బిగింపు చేతి అంచనాతో చేసేది కాదు. కొన్నింటికి టార్కు అంకె ఉంటుంది. పాత గ్యారెట్ రకాల్లో ముందు తేలిగ్గా బిగించి, ఆ తర్వాత 90 డిగ్రీలు తిప్పమంటారు. పక్కకు లాగే పానాతో కాకుండా టీ-హ్యాండిలుతో బిగించమనడానికి కారణం ఉంది. పక్కబలం పడితే వేలంత షాఫ్టు వంగుతుంది, కంటికి కనపడదు.

ఇప్పుడు డయల్ గేజిని షాఫ్టు కొసకు ఆనించి ముందుకీ వెనక్కీ తోసి చూడాలి. లారీ రకాల్లో ఈ ఎండ్ ప్లే సుమారు 0.03 నుంచి 0.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఆ మోడలుకు కంపెనీ ఇచ్చిన అంకే చివరి మాట. అసలు ప్లే లేకపోయినా తప్పే. ఆయిలుకు చోటు లేక థ్రస్టు మాడుతుంది. హౌసింగులు ఎక్కించాక చక్రాన్ని అన్ని వైపులకూ ఒత్తుతూ తిప్పాలి, ఎక్కడా గీరకూడదు. కూత వినడం కోసం చక్రం మీదికి ఎయిర్ గన్ను పట్టి ఊదే అలవాటు చాలా షెడ్లలో ఉంది. ఆయిలు ఒత్తిడి లేకుండా షాఫ్టు వేల చుట్లు తిరిగితే అప్పుడే వేసిన బుష్‌ల మీద మొదటి గీతలు పడతాయి. ఆ సరదా మానుకుంటే మంచిది.

బ్యాలెన్సు లెక్క

గాలి చక్రం వెనకో, ముక్కు దగ్గరో రాయితో గీరినట్టు చిన్న గుంటలు కనిపిస్తాయి. అవి దెబ్బలు కావు. ఫ్యాక్టరీలో బ్యాలెన్సు చేసేటప్పుడు తీసేసిన లోహం. ఎందుకంత పట్టింపంటే, గ్రాములో పదో వంతు బరువు కేంద్రం నుంచి సెంటీమీటరు దూరంలో అదనంగా ఉంటే, 1,20,000 చుట్ల దగ్గర అది షాఫ్టును సుమారు 16 కిలోల బరువుతో లాగుతుంది, అదీ సెకనుకు 2,000 సార్లు దిశ మార్చుకుంటూ.

పాత షాఫ్టు, పాత చక్రం, పాత నట్టు గుర్తుల మీదే కూర్చుంటే బ్యాలెన్సు దాదాపు మునుపటిలాగే ఉంటుంది. నెమ్మదిగా తిరిగే పెద్ద లారీ టర్బోకు ఇది సాధారణంగా సరిపోతుంది. తిరిగే భాగాల్లో ఏదైనా కొత్తది వేస్తే మాత్రం కోర్‌ను బ్యాలెన్సింగ్ మెషీను ఉన్న షాపుకు పట్టుకెళ్లాల్సిందే. రెండు లక్షల చుట్ల కారు టర్బోల విషయంలో కిట్టు మార్చినా అదే మాట. ఇంటి పని హద్దు ఇక్కడ గీసుకోవాలి.

వీజీటీ (వేరియబుల్ జామెట్రీ టర్బో) రకాల్లో మరో చిక్కుంది. పొగ చక్రం చుట్టూ కోణం మార్చుకునే చిన్న రెక్కలు మస్సితో బిగుసుకుపోతాయి. కడిగితే చాలాసార్లు వదులుతాయి. కానీ వాటి కనీస తెరుపును నిర్ణయించే స్క్రూను కదపకూడదు. అది ఫ్యాక్టరీలో గాలి ప్రవాహం కొలిచి పెట్టిన స్థానం. ఎలక్ట్రానిక్ యాక్చుయేటరు ఉన్నవాటిని విప్పితే మళ్లీ స్కానరుతో సెట్ చేయాలి.

బండికెక్కించడం

ఆయిలు ఫీడ్ పైపును కడిగి మళ్లీ వాడటం కన్నా కొత్తది వేయడం మేలు. లోపలి మాడు కంటికి కనపడదు. కింది డ్రెయిన్ పైపు నిలువుకు 35 డిగ్రీలకు మించి ఒరగకూడదు, ఎక్కడా పైకి లేవకూడదు. ఆయిలు గ్యాస్కెట్లకు సిలికాన్ పేస్టు రాయకూడదు. పిండుకుని లోపలికి వచ్చిన ముక్క సరిగ్గా బుష్ రంధ్రంలో ఇరుక్కుంటుంది. ఇంజనాయిలు, ఆయిలు ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు కొత్తవి వేయాలి. పాత టర్బో రెక్క విరిగి ఉంటే ఇంటర్‌కూలరునూ, గాలి గొట్టాలనూ విప్పి కడగాలి. దాక్కున్న ముక్కలు, ఆయిలు అక్కడే ఉంటాయి.

ఫీడ్ పైపు బిగించేముందు టర్బో పై రంధ్రంలో ఆయిలు పోసి చక్రాన్ని చేత్తో తిప్పాలి. తర్వాత డీజిల్ అందకుండా చేసి సెల్ఫు కొట్టాలి. డ్రెయిన్ వైపు ఆయిలు కనిపించాకే ఇంజను స్టార్ట్ చేయాలి. మొదటి కొద్ది నిమిషాలు ఐడిలింగే, ఎక్సలేటరు తాకకూడదు. మిగిలిన పాత ఆయిలు కాలి కాసేపు తెల్లపొగ రావచ్చు. అరగంట తిరిగినా ఆగకపోతే డ్రెయిన్, బ్రీదరు మళ్లీ చూడాలి.

ఒక ప్రమాదాన్ని ముందే ఊహించి సిద్ధంగా ఉండాలి. టర్బోలోంచి ఆయిలు గాలి దారిలోకి ఎక్కువగా కారితే డీజిల్ ఇంజను ఆ ఆయిలునే కాల్చుకుంటూ, తాళం తీసినా ఆగకుండా వేగం పెంచుకుంటూ పోతుంది. అప్పుడు ఆపే మార్గం గాలి మూసేయడమే. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి గొట్టం నోటికి సరిపోయే చెక్క పలక ఒకటి పక్కన ఉంచుకోవాలి. చెయ్యిగానీ గుడ్డగానీ అడ్డం పెట్టకూడదు. గుడ్డను చక్రం లోపలికి లాక్కుంటుంది, చేతికి దెబ్బ తగులుతుంది.

బండి ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక పొగ వైపు బోల్టులు, క్లాంపు, హోసు క్లిప్పులు మళ్లీ బిగించి, జాయింట్ల దగ్గర కొత్త మస్సి గీతలేమైనా పడ్డాయేమో చూడాలి. కొన్ని రోజులు తిరిగాక గాలి గొట్టం ఒకసారి తీసి షాఫ్టు ప్లే చూడాలి. బిగించిన రోజున రాసుకున్న అంకే ఉంటే ఇక దాన్ని విప్పాల్సిన పనిలేదు.